మందు మానేశారు, పండగలొస్తున్నాయి: ఈ రోజులు దాటడం ఎలా?

పండగలు దగ్గర పడేకొద్దీ నన్ను చాలామంది ఒకే మాట అడుగుతుంటారు. "మానేసి నాలుగు నెలలైంది. ఇంటినిండా చుట్టాలు, అందరి చేతుల్లో గ్లాసులు. ఎలా నెట్టుకురావాలి?" కొందరు మందు ఊసే ఎత్తరు. "అందరూ నవ్వుతుంటే నాకొక్కడికే గుండె బరువెక్కుతుందెందుకు?" అంటారు. నా లెక్కలో ఇవి రెండూ ఒకే ప్రశ్న. మనసు కుంగినప్పుడు చెయ్యి గ్లాసు వైపు పోతుంది. గ్లాసు దిగాక మనసు ఇంకా కుంగుతుంది.

నేను మానేశాక వచ్చిన మొదటి పండగ సంగతి చెబుతాను. విందులో అందరి మధ్యా కూర్చున్నాను, చుక్క ముట్టలేదు. గెలిచాననుకున్నాను. మర్నాడు సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయారు. ఇల్లు బావురుమంటోంది, అలమరలో సగం సీసా మిగిలి ఉంది. ఆ సాయంత్రమే తాగాను. నా జాగ్రత్తంతా విందుకే పెట్టుకున్నాను, ఆ మర్నాటికి ఏమీ మిగుల్చుకోలేదు. అందుకే కింద రాసిన పద్ధతిలో సగం పండగ రోజు గురించి, సగం పండగ వెళ్లిపోయిన రోజు గురించి ఉంటుంది.

మందు అన్నచోట మీరు సిగరెట్, జూదం, మత్తు మాత్రలు, మరేదైనా పెట్టుకుని చదువుకోవచ్చు. పద్ధతి మారదు. కొన్ని వైద్యపరమైన జాగ్రత్తలు మాత్రం మారతాయి, వాటిని విడిగా చెప్పాను.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

మీరు ఇంకా రోజూ గట్టిగా తాగుతూ, "పండగ నుంచి మానేస్తా" అనుకుంటున్నట్టయితే ఒక్కసారిగా ఆపకండి. ముందు డాక్టర్ని కలవండి. అలవాటుపడిన ఒంటికి మందు అందకపోతే 6 నుంచి 24 గంటల్లోపు వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండె దడ వస్తాయి. ఇది ప్రాణాల మీదికి తెచ్చే స్థితి, మనోబలంతో తేలే వ్యవహారం కాదు. నిద్రకో టెన్షన్‌కో చాలాకాలంగా మాత్రలు వాడేవాళ్లకీ ఇదే మాట. వాటిని కూడా డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

కావలసినవి

- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు కానీ జేబులో మడిచిపెట్టిన కాగితం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.
- ఏ వేళకైనా ఫోన్ ఎత్తుతామని మాటిచ్చిన ఇద్దరు మనుషులు. ఒక్కరు చాలరు, ఆ ఒక్కరూ పండగ హడావిడిలో ఉండొచ్చు.
- సెలవులకి సరిపడా మందుబిళ్లలు, రెండు మూడు రోజులవి అదనంగా.
- మీ ఊళ్లో పనిచేసే అత్యవసర నంబరు, మానసిక సహాయ హెల్ప్‌లైన్ నంబరు. ఇప్పుడే వెతికి ఫోన్‌లో వేసుకోండి.
- ఎవరి మీదా ఆధారపడకుండా ఇంటికి తిరిగొచ్చే దారి: సొంత బండి, క్యాబ్ డబ్బులు, ఏదైనా సరే.

1. తేదీల వరసగా కాగితం మీద రాయండి

పండగకి కనీసం వారం ముందు కూర్చోండి. ఏ రోజు ఎక్కడికి వెళ్లాలి, ఎవరు వస్తారు, ఎన్ని గంటలు, అక్కడ మందు ఉంటుందా? ఒక్కోదాని పక్కన 0 నుంచి 10 మధ్య ఒక అంకె వేయండి. 0 అంటే అసలు భయం లేదు, 10 అంటే అక్కడికెళ్తే తాగడం ఖాయం.

విందులకి పెద్ద అంకెలు వేసి, ఖాళీ రోజులకి సున్నాలు వేస్తారు చాలామంది. అక్కడే లెక్క తప్పుతుంది. మళ్లీ మొదలెట్టేలా చేసే సందర్భాల మీద అమెరికన్ మనస్తత్వవేత్త అలెన్ మార్లాట్ ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన లెక్కలో ముందు నిలిచినవి మూడు: దిగులు, కోపం, విసుగు లాంటి మనోస్థితులు, మనుషుల మధ్య గొడవలు, తాగమని చుట్టూ ఉన్నవాళ్ల ఒత్తిడి. మొదటిదానికి విందుతో పనే లేదు, ఒంటరి గదిలోనూ వస్తుంది. కాబట్టి చుట్టాలు వెళ్లిపోయే సాయంత్రానికి, సెలవుల చివరి రాత్రికి, ఎవరూ పిలవని రోజుకి కూడా నిజాయితీగా అంకె వేయండి. ఆప్తులు పోయాక వస్తున్న మొదటి పండగయితే ఆ అంకెకి ఇంకో రెండు కలపండి.

2. 7 దాటినవాటికి వెళ్లకండి

ఇది చిన్న మెట్టే, చాలామంది దీన్నే దాటేస్తారు. మానేసి ఏడాది కూడా కాకపోతే, పెద్ద అంకె పడిన చోటికి ఈసారి వెళ్లకపోవడమే మంచిది. "నామోషీ కదా" అంటారు. ఒక పండగకి రాలేదని అలిగిన చుట్టం తర్వాతి పండగకి మామూలవుతాడు. ఫోన్‌లో శుభాకాంక్షలు చెప్పండి, వేరే రోజు పగటిపూట వెళ్లి కలవండి.

వెళ్లక తప్పదా? అయితే గంట, గంటన్నర చాలు. ముందుగా వెళ్లి ముందుగా వచ్చేయండి. రాత్రి ముదిరేకొద్దీ సీసాలు పెరుగుతాయి, బలవంతం కూడా పెరుగుతుంది.

3. వద్దనే మాటని ముందే నోటికి తెచ్చుకోండి

అక్కడికెళ్లాక మాట వెతుక్కుంటే దొరకదు. అద్దం ముందు నిలబడి పైకి అనండి, సిగ్గుపడకండి. మాట చిన్నదిగా ఉండాలి, వివరణ ఉండకూడదు.

"వద్దు బావా, నేను తాగను. సోడా ఉంటే ఇవ్వు."

మళ్లీ అడిగితే అదే మాట, అదే గొంతుతో. మూడోసారి అడిగితే అక్కణ్నుంచి లేవండి. వంటింట్లోకో పిల్లల దగ్గరికో వెళ్లిపోండి.

పెద్దవాళ్లు బలవంతపెడితే కాస్త కష్టమే. "డాక్టర్ వద్దన్నారండీ" అంటే చాలామంది ఆగిపోతారు. అది అబద్ధం కూడా కాదు, ఏ డాక్టరైనా వద్దనే అంటారు. "కడుపులో బాలేదు", "రేపు పొద్దున్నే పనుంది" లాంటి సాకులు మాత్రం వాడకండి. సాకుకి గడువుంటుంది. "సరే, రేపు రాత్రి కూర్చుందాం" అంటారు, రేపటికి మళ్లీ కొత్త సాకు వెతకాలి.

చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గ్లాసు ఉంచుకోండి, మీరే పోసుకున్నది. ఖాళీ చెయ్యి చూస్తే ఎవరికైనా నింపాలనిపిస్తుంది. కాసేపు గ్లాసు పక్కన పెట్టి వెళ్లారంటే తిరిగొచ్చి దాన్ని తాగకండి, కొత్తది పోసుకోండి.

4. కనపడని మందుని గమనించండి

ఆల్కహాల్ లేదని అమ్మే బీరులో చాలా దేశాల చట్టాల ప్రకారం 0.5 శాతం దాకా ఉండొచ్చు. ఆ కాస్తతో మత్తెక్కదు. అసలు చిక్కు రుచి, వాసన, నురగలతో వస్తుంది. ఒంటికి పాత దారి గుర్తుచేయడానికి అవి చాలు. కొత్తగా మానేసినవాళ్లు దాని జోలికి పోవద్దనే నేనంటాను. మందు పోసి వండిన వంటల్లో కూడా అదంతా ఆవిరైపోదు, కొంత మిగులుతుంది. కొన్ని దగ్గు మందుల్లో, నోరు పుక్కిలించే ద్రావణాల్లో కూడా ఉంటుంది. లేబుల్ చదవండి.

తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్లు ఈ మెట్టుని రెండుసార్లు చదవండి. అది ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబడి, తలపోటు, వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది. తీవ్రమైతే ప్రాణాపాయమే. మాత్ర ఆపిన 14 రోజుల దాకా కూడా ఇలా జరగొచ్చు. "పండగకి రెండు రోజులు మాత్ర మానేసి తాగుతా" అనే లెక్క అందుకే పనికిరాదు. ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట: ఆ మాత్రని చెప్పకుండా అన్నంలోనో నీళ్లలోనో కలిపి పెట్టకండి. తెలియక అతను తాగితే మీ చేతులతో విషం పెట్టినంత పనవుతుంది.

5. తిండి, నిద్ర, మాత్రలు తప్పనివ్వకండి

మానేసినవాళ్ల మీటింగుల్లో పాత సూత్రం ఒకటుంది. తాగాలనిపించినప్పుడు ముందు నాలుగు చూసుకో: ఆకలిగా ఉన్నావా, కోపంగా ఉన్నావా, ఒంటరిగా ఉన్నావా, అలసిపోయావా? పండగ రోజుల్లో ఈ నాలుగూ ఒకేసారి వస్తాయి.

ముందే ఏదైనా తిని కడుపు నింపుకుని విందుకి వెళ్లండి. ఎంత రాత్రయినా మామూలు వేళకి గంటకి మించి ఆలస్యంగా పడుకోకండి, పొద్దున రోజూ లేచే వేళకే లేవండి. బైపోలార్ సమస్య (మనసు ఒకసారి విపరీతమైన ఉద్రేకంలోకి, ఒకసారి లోతైన దిగులులోకి పోయే జబ్బు) ఉన్నవాళ్లకి ఒకటి రెండు రాత్రుల జాగారం కూడా ఉద్రేకపు దశని రెచ్చగొట్టగలదు. ఇది అతిశయోక్తి కాదు, వాళ్లు నిద్ర విషయంలో మొహమాటపడకూడదు.

డిప్రెషన్‌కి మాత్రలు వాడుతూ "పండగ పూట మాత్రలేంటి" అని ఆపేసేవాళ్లని చాలామందిని చూశాను. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, దిగులు కూడా తిరిగి రావచ్చు. ఆ చిరాకుని మళ్లీ పండగ ఖాతాలో వేస్తారు.

6. కోరిక లేచినప్పుడు అరగంట గడపండి

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు కోరిక లేస్తుంది. లేచినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు. అది అలలా లేస్తుంది, పైకి వస్తుంది, విరిగిపోతుంది. చాలామందికి 15 నుంచి 30 నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. లోపల ఉన్నప్పుడు మాత్రం అది ఎప్పటికీ తగ్గదనే అనిపిస్తుంది. మార్లాట్ దీన్ని అల మీద తేలడంతో పోల్చారు: ఎదురు ఈదొద్దు, మునగొద్దు, తేలుతూ ఉండు.

చేయాల్సింది ఇది. గడియారం చూసి టైము కాగితం మీద రాయండి. ఉన్న చోటు మారండి: గది మారండి, మేడెక్కండి, వీధిలోకి నడవండి. కోరిక ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించండి. గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా? ఐదు నిమిషాలకోసారి దానికి 10కి ఎన్నో అంకె వేయండి. అంకె 8 నుంచి 6కి దిగడం కళ్లారా చూసినవాడికి తర్వాతి అల అంత భయం పెట్టదు.

అరగంటైనా దిగకపోతే కాగితం మడిచి ఇంటికి బయల్దేరండి. ఎవరికీ చెప్పక్కర్లేదు, తర్వాత ఫోన్‌లో చెప్పుకోవచ్చు.

7. ఫోన్ చేయండి, మెసేజ్ కాదు

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే అమెరికన్ వ్యాపారం పని మీద అక్రాన్ అనే ఊరొచ్చాడు. తాగుడు మానేసి ఐదారు నెలలే. పని చెడిపోయింది, జేబులో డబ్బు అంతంతమాత్రమే, మర్నాడు మదర్స్ డే. తెలియని ఊళ్లో హోటల్ లాబీలో ఒక్కడే ఉన్నాడు. పక్కనే బార్, లోపల్నుంచి నవ్వులు వినపడుతున్నాయి. అతను బార్లోకి పోకుండా ఫోన్ దగ్గరికి నడిచాడు. తనలాంటి తాగుబోతు ఒకడితో మాట్లాడితే తప్ప ఈ రాత్రి దాటలేననుకుని, చర్చిలకి వరసగా ఫోన్లు చేశాడు. అలా మర్నాడు కలిసినాయనే బాబ్ స్మిత్ అనే డాక్టరు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది వాళ్లిద్దరి మాటల్లోంచే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అతను ఫోన్ చేసింది సలహా కోసం కాదు. ఎదుటివాడికి సాయం చేస్తే తాను నిలబడతాడని. మీరు కూడా "నాకు తాగాలనిపిస్తోంది" అని చెప్పలేకపోతే, మీలాగే మానేసిన ఇంకొకరికి ఫోన్ చేసి "నువ్వెలా ఉన్నావు, ఈ రాత్రి ఎలా గడుస్తోంది?" అని అడగండి. రెండు నిమిషాల్లో మీ మాట కూడా బయటికొస్తుంది.

మెసేజ్ వద్దనడానికి కారణం ఉంది. మెసేజ్ పంపి జవాబు కోసం చూస్తూ కూర్చునే పదిహేను నిమిషాల్లోనే చాలామంది జారతారు. మొదటి మనిషి ఎత్తకపోతే రెండో మనిషికి వెంటనే చేయండి. పండగ రోజుల్లో కొన్ని ఊళ్లలో మీటింగులు మామూలుకంటే ఎక్కువ నడుస్తాయి, ఆన్‌లైన్ మీటింగులు ఏ వేళకైనా ఏదో దేశంలో జరుగుతూనే ఉంటాయి. ఒకదాని లింకు కాగితం మీద రాసి ఉంచుకోండి.

8. మర్నాటికి పని పెట్టుకోండి

విందైన మర్నాడు, చుట్టాలు వెళ్లిన సాయంత్రం ఖాళీగా వదలకండి. గంటల లెక్కన రాయండి: నాలుగింటికి ఫలానా స్నేహితుడితో నడక, ఆరింటికి మీటింగు, ఎనిమిదింటికి భోజనం, పదింటికి పడక. పెద్ద పనులక్కర్లేదు, ఎదుటి మనిషి ఎదురుచూసే పని ఒక్కటైనా ఉండాలి. ఒంటరిగా చేసుకునే పనిని వాయిదా వేయడం ఎంత సులువో మనకి తెలుసు.

మిగిలిన సీసాలు ఆ రాత్రే ఇల్లు దాటాలి. వచ్చినవాళ్లనే పట్టుకెళ్లమనండి. "పారబోస్తే డబ్బు వృథా" అని దాచిపెట్టే పెద్దవాళ్లుంటారు. మా ఇంట్లోనూ ఉన్నారు, ఆ సగం సీసా కథ అక్కడిదే.

పండగకి ఇల్లు దాటి వెళ్లే తాహతు లేకపోయినా, ఎవరూ పిలవకపోయినా, రోజంతా ఇతరుల ఫొటోలు చూస్తూ కూర్చోకండి. ఫోన్‌లో ఆ యాప్‌లు రెండు రోజులు తీసేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఇన్నాళ్లు ఆగానుగా, ఒక్కటి పర్లేదు" అనుకోవడం అందరికీ తెలిసిన పొరపాటు. దానికంటే తక్కువ తెలిసినవి ఇవి.

దిగులుగా ఉన్నప్పుడే జాగ్రత్తపడి, సంతోషంగా ఉన్నప్పుడు వదిలేయడం. మంచి వార్త వచ్చిన రాత్రి కూడా ప్రమాదమే.

పాత గొడవలు తేల్చుకోవడానికి పండగని ఎంచుకోవడం. ఆస్తి మాట, పెళ్లి మాట, పాత అప్పు మాట ఎవరైనా తీస్తే "పండగయ్యాక మాట్లాడదాం అన్నయ్యా" అని లేచిపోండి.

మందు మాని దాని బదులు నిద్రమాత్రలో, పేకాటో, ఆన్‌లైన్ బెట్టింగో పట్టుకోవడం. దారి ఒకటే, బండి మారిందంతే.

ఇంట్లోవాళ్ల పొరపాటు రోజంతా కాపలా కాయడం, నోరు వాసన చూడడం. ఒక్కసారి పక్కకి పిలిచి "నీకేం కావాలో చెప్పు, ఎప్పుడు వెళ్దామంటే అప్పుడు వెళ్దాం" అని చెప్పి వదిలేస్తే చాలు.

జారితే

మొదటి గ్లాసు కంటే దాని తర్వాత వచ్చే ఆలోచన ఎక్కువ చెడు చేస్తుంది: "ఎలాగూ పాడైంది, ఇక తాగేద్దాం." ఒక గ్లాసుకీ, పది రోజుల తాగుడుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క ఆలోచనే. గ్లాసు కింద పెట్టండి, అక్కణ్నుంచి బయటపడండి, ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. బండి నడపకండి. మర్నాడు కౌన్సెలర్‌కో డాక్టర్‌కో చెప్పండి, దాచకండి. రోజుల తరబడి తాగి ఉంటే మళ్లీ ఆపేటప్పుడు పైన చెప్పిన హెచ్చరిక వర్తిస్తుంది.

హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తు మానేసినవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం. కొన్ని వారాలు ఆపితే ఒంటికి ఓర్చుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదు అప్పుడు తట్టుకున్నదే, ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. మనిషి లేపినా లేవకుండా, పెదాలు నీలంగా, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే వెంటనే అంబులెన్స్ పిలవండి. ఆ మత్తుకి విరుగుడైన నాలోక్సోన్ దగ్గరుంటే ఇవ్వండి, ఇచ్చాక కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దాని ప్రభావం తగ్గాక మళ్లీ ఊపిరి మందగించవచ్చు.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి రాత్రి కాగితం మీద మూడు గీతలు చాలు: ఇవాళ ఎన్ని గంటలు పడుకున్నాను, కోరిక ఎంత ఎత్తుకి లేచింది, ఎవరితో నిజం మాట్లాడాను. తాగలేదన్నదొక్కటే చూస్తే మోసపోతారు. వరసగా రెండు రాత్రులు నిద్ర ఐదు గంటలకి దిగినా, మూడో గీత రెండు రోజులు ఖాళీగా ఉన్నా, తర్వాతి విందు మానేసి మీటింగుకి వెళ్లండి.

పండగలైన రెండు వారాలకి మనసు సంగతి విడిగా చూసుకోండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, డాక్టర్లూ వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది. మొత్తం 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తంతో పనిలేదు, రెండు వారాలు ఆగాల్సిన పనీ లేదు. ఆ రోజే ఒక మనిషికి చెప్పండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి.

కాగితం మాత్రం పారేయకండి. మీరు 3 వేసిన చోట కోరిక 8కి లేచి ఉంటుంది, 9 వేసిన చోట ఏమీ జరగకపోయి ఉంటుంది. ఆ తేడాలని ఎర్ర పెన్నుతో దిద్ది దాచిపెట్టండి. వచ్చే పండగకి అంకెలు వేసేటప్పుడు ముందు దాన్నే తెరవాలి.